7 ఐరన్ 130 గజాలే పోతోంది, నాకొక్కడికేనా?

హన్మకొండ_హుక్
వయసు 46. గోల్ఫ్ మొదలుపెట్టి మూడేళ్లు. నెలకు రెండు ఆదివారాలు తెల్లారకముందే కారు తీసి హైదరాబాద్ పోయి ఆడతా. మిగతా రోజులు డాబా మీద కట్టుకున్న వలలోకి కొట్టుకోవడమే. ఆడనివాళ్ల కోసం: ఐరన్ అంటే లోహపు తల ఉన్న కర్ర (క్లబ్), అంకె పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది. నాతో ఆడే ముగ్గురూ 7 ఐరన్ 165, 170 అంటారు. అందులో ఒకాయన 8 ఐరన్‌తోనే 160 అంటాడు. నాది బాగా తగిలితే 130. మొన్న గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) ఇంకా 150 గజాలు అనే గుర్తు దగ్గర 5 ఐరన్ తీశాను. "అంత పెద్ద కర్రా!" అని నవ్వారు. ఆ టెన్షన్‌లో బాల్ గాల్లోకే లేవలేదు, గడ్డిలో పాముపిల్లలా పోయి ముప్పై గజాల అవతల ఆగింది.
నిజంగా మీ దూరాలెంత? ఏ క్లబ్ ఎంత పోతుందో రాయండి. ఒట్టేసి చెప్పాలి.

కాజీపేట_జంక్షన్
ఒట్టు ఎవరి మీద వెయ్యాలో ముందు చెప్పు. దాన్ని బట్టి దూరం చెప్తా.

బంకర్_బాబు
7 ఐరన్ 140. ఒకే ఒక్కసారి 165 పోయింది. నలుగురిలో ఉన్నప్పుడు దాని గురించే చెప్తా.

కరీంనగర్_కట్
ఏమనుకోకు అన్నా, 130 అంటే తక్కువే. నాకు 38. 7 ఐరన్ 175, పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బల కర్ర) 135, డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టేది) 270. రోజూ జిమ్‌కు పోతా. నడుము తిప్పడం నేర్చుకుంటే నీకూ వస్తుంది.

లెక్కలసార్
కరీంనగర్ తమ్మీ, ఒక్క నిమిషం. ట్రాక్‌మన్ రాడార్‌తో కొలిచి వేసిన పీజీఏ టూర్ (అమెరికా మగ ప్రొఫెషనల్ పోటీలు) పాత పట్టిక చాలాకాలంగా అందరూ చూస్తున్నదే. అందులో 7 ఐరన్ సగటు క్యారీ 172 గజాలు, పిచింగ్ వెడ్జ్ 136. మహిళల ఎల్‌పీజీఏ టూర్‌లో 7 ఐరన్ 141, డ్రైవర్ క్యారీ 218. వాళ్లు పొద్దున లేస్తే అదే పని, అదే జీతం. నువ్వేమో 7 ఐరన్‌తో పీజీఏ సగటును దాటేశావు. మరి టీవీలో ఎప్పుడు కనిపిస్తావు?

కాజీపేట_జంక్షన్
😂😂 సార్ క్లాసులో కూడా ఇట్లనే ఉంటారా?

కరీంనగర్_కట్
సార్, నేను చెప్పింది దొర్లింది కూడా కలిపి.

లెక్కలసార్
గొడవంతా అక్కడే ఉంది. క్యారీ అంటే బాల్ గాల్లో పోయి మొదట నేలను తాకిన చోటి వరకు. ఆ తర్వాత దొర్లేది నేల దయ. ఎండాకాలం గట్టినేల మీద 20 గజాలు దొర్లుతుంది, వానాకాలం పడ్డచోటే కూర్చుంటుంది. గ్రీన్ ముందు బంకరో (ఇసుక గుంట) నీళ్లో ఉంటే నిన్ను దాటించేది క్యారీ ఒక్కటే.

ఓరుగల్లు_వెడ్జ్
నా హ్యాండిక్యాప్ 18 (పార్ అనే నిర్ణీత లెక్క కంటే దాదాపు అన్ని దెబ్బలు ఎక్కువ). డ్రైవర్ 205, 5 వుడ్ (లావు తల కర్ర) 175, 5 హైబ్రిడ్ (వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యది) 155, 7 ఐరన్ 132, 9 ఐరన్ 110, పిచింగ్ వెడ్జ్ 98, శాండ్ వెడ్జ్ 70. ఒట్టు భద్రకాళి అమ్మవారి మీద. హుక్ అన్నా, నీది నా లెక్కే. తప్పేం లేదు.
ఇంకోటి చూడు. మీ సెట్ ఏ కాలంది? నా మొదటి సెట్ సెకండ్ హ్యాండ్, ముప్పై ఏళ్ల కిందటిది. దాంట్లో 7 ఐరన్ లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) 36 డిగ్రీలు. ఇప్పుడు ఆటకు కొత్తవాళ్ల కోసం చేస్తున్న 7 ఐరన్ 28, 29 డిగ్రీలే ఉంటోంది. ముఖం అంత నిలువుగా ఉంటే దూరం పోక చస్తుందా? పాత లెక్కలో అది దాదాపు 5 ఐరన్. కింద రాసిన అంకె మాత్రం 7. పిచింగ్ వెడ్జ్ కూడా అంతే, ఒకప్పుడు 48 ఉండేది, ఇప్పుడు 43, 44. మీ దోస్తులు నీకంటే బలంగా కొడుతున్నారో లేదో తెలియదు గానీ, వాళ్ల 7, నీ 7 ఒకటి కావు.

హన్మకొండ_హుక్
వెడ్జ్ అన్నా, ఇప్పుడే లోపలికి పోయి చూసొచ్చా. నాది మా బావ ఇచ్చిన పాత సెట్. లాఫ్ట్ ఎంతో దాని మీద రాసిలేదు. మా పాప జామెట్రీ బాక్స్‌లోని కోణమానినితో కొలిస్తే 35 దగ్గర వచ్చింది. కొలిచే పద్ధతి సరైందో కాదో దేవుడికే తెలియాలి.

పద్మాక్షి_పార్
ఆడవాళ్ల లెక్క ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తా. డ్రైవర్ 150, 7 ఐరన్ 92. గోల్ఫ్ రూల్స్ చూసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు కలిసి వేసే దూరాల నివేదికలో బ్రిటన్ కోర్సుల్లో మామూలు ఆటగాళ్ల డ్రైవర్లు కొలిచారు. మగవాళ్ల సగటు 215 దగ్గర, ఆడవాళ్లది 150 లోపే. నేను సగటు మనిషినే.
నా బాధ వేరు. పార్ త్రీ (మూడు దెబ్బల్లో ముగించాల్సిన చోటు) దగ్గర మగవాళ్లు "మేడమ్, ఏ క్లబ్ తీశారు?" అని అడుగుతారు. నేను 5 వుడ్ అంటే వాళ్ల చెయ్యి బ్యాగులో 7 మీద ఉన్నది కాస్తా 8 మీదకు పోతుంది. బాల్ చెరువులోకి పోతుంది. అది నా తప్పా?

బంకర్_బాబు
అక్కా, ఆ చెరువులో నావే నాలుగున్నాయి.

జగిత్యాల_గల్ఫ్
నేను ఆడను. దుబాయ్‌లో ఒక రేంజ్ (ప్రాక్టీసు మైదానం) మీద పనిచేస్తా, ఆరేళ్లయింది. మావోళ్లు ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా "గల్ఫ్‌ల గోల్ఫ్ పని" అని నవ్వుతారు. నా పని బాళ్లు ఏరే బండి నడపడం. ముందు తిరిగే చక్రాలుంటాయి, బాల్ వాటి సందుల్లో ఇరుక్కుని బుట్టలో పడుతుంది. చుట్టూ జాలీ ఉంటుంది. నేను బయటికి పోగానే అందరూ నన్నే గురిపెట్టి కొడతారు, ఒక్కడిదీ తగలదు.
అన్నలూ, బండి మీద కూర్చుని చూస్తే ఎవరు ఎంత కొడుతున్నారో నేల మీదే తెలుస్తుంది. 100 బోర్డు నుంచి 150 బోర్డు దాకా బాళ్లు వడ్లు ఆరబోసినట్టు ఉంటాయి. బుట్టలు అక్కడే నిండుతాయి. 200 దాటితే పలుచన. 250 బోర్డు దగ్గర నేను వారానికి ఒక్కసారి తిరిగినా చాలు. పొద్దంతా అక్కడ నిలబడి కొట్టేవాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకునేది మాత్రం 250, 280. మరి ఆ బాళ్లన్నీ ఎటు పోతున్నాయో ఏరేటోడిని, నాకే తెలియదు.

కాజీపేట_జంక్షన్
ఇక ఈ ముచ్చట మూసెయ్యొచ్చు. తీర్పు వచ్చేసింది.

లెక్కలసార్
జగిత్యాల తమ్ముడూ, ఇన్ని పట్టికలు చదివాను గానీ ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

కరీంనగర్_కట్
రేంజ్ బాళ్లు అరిగిపోయి ఉంటాయి, తక్కువ పోతాయి. దాన్నిబట్టి ఎట్లా చెప్తారు?

జగిత్యాల_గల్ఫ్
అది నిజమే అన్నా. గుంటలు అరిగిన బాళ్లు మేమే పక్కన పెడతాం, అయినా కొన్ని మిగులుతాయి. కొత్త బాల్‌తో పది గజాలు కలుపుకో. వంద కలుపుకోకు.
ఇంకో సంగతి. గడ్డి చెడిపోకుండా కొట్టే వరుసను మేం వెనక్కీ ముందుకూ జరుపుతుంటాం. బోర్డులు మాత్రం పాతిన చోటే ఉంటాయి. వరుస పది గజాలు ముందుకు వచ్చిన రోజు అందరూ సంతోషంగా ఇంటికి పోతారు.

నిజామాబాద్_పసుపు
మాల్‌లో పెట్టిన సిమ్యులేటర్‌లో నా డ్రైవర్ 262. కోర్సులో 210. యంత్రం అబద్ధం చెప్తదా?

బంకర్_బాబు
డబ్బులు కట్టినోడు మళ్లీ రావాలి కదా.

ఓరుగల్లు_వెడ్జ్
సరిగా అమర్చిన రాడార్ నమ్మొచ్చు. అయితే అక్కడ గాలి లేదు, వాలు లేదు, మ్యాట్ మీద కొడుతున్నావు. మ్యాట్ మీద బాల్ వెనక నేలకు ముందు తగిలినా క్లబ్ జారి బాల్‌ను తాకుతుంది, దెబ్బ బాగానే ఉందనిపిస్తుంది. అదే దెబ్బ కోర్సులో మట్టిపెళ్ల లేపి 60 గజాలు పోతుంది.

కాజీపేట_జంక్షన్
నాదొక థియరీ. హైదరాబాద్ ఎత్తు మీద ఉంది, అక్కడ గాలి పలుచన. మనం పల్లంలో ఉన్నాం. అందుకే మన బాల్ పోదు.

లెక్కలసార్
హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్లు, వరంగల్ 266. తేడా 900 అడుగులు. వెయ్యి అడుగులకు సుమారు రెండు శాతం దూరం పెరుగుతుందని లెక్క. 130 గజాల మీద రెండు గజాలు, మహా అయితే రెండున్నర. ఊటీలో ఆడితే చెప్పు, ఏడు వేల అడుగుల పైన ఉంది, అక్కడ నిజంగానే ఒక క్లబ్ తేడా వస్తుంది. పైగా హుక్ ఆడేదే హైదరాబాద్‌లో!

కాజీపేట_జంక్షన్
థియరీ వాపస్.

పద్మాక్షి_పార్
వానాకాలంలో గాలి తేమగా, బరువుగా ఉంటుంది, అందుకే తక్కువ పోతుందని మా కోచ్ అంటారు. నిజమేనా సార్?

లెక్కలసార్
తిరగేసి చెప్పారమ్మా. నీటి ఆవిరి పొడిగాలి కంటే తేలిక. తేమగాలిలో బాల్ వెంట్రుకవాసి ఎక్కువే పోవాలి. వానలో దూరం తగ్గేది నేల తడిసి దొర్లకపోవడం వల్ల. క్లబ్ ముఖానికీ బాల్‌కూ మధ్య నీళ్లు చేరడం వల్ల దెబ్బ కూడా ఎటుబడితే అటు వస్తుంది. వేడి మాత్రం పనిచేస్తుంది. మన మే నెల 44 డిగ్రీలకూ డిసెంబరు పొద్దుటి 15 డిగ్రీలకూ డ్రైవర్‌లో పది గజాల దాకా తేడా ఉంటుంది.

ఆదిలాబాద్_చలి
మా దగ్గర డిసెంబరులో బాల్ కాదు సార్, నేనే కదలను.

సింగరేణి_సీనియర్
బాబూ, నాకు 71. గోదావరిఖనిలో పనిచేసి రిటైరైనా. డ్రైవర్ 165, నేల గట్టిగా ఉంటే 175. 7 ఐరన్ వందే. 150 గుర్తు దగ్గర 5 వుడ్ తీస్తా, సిగ్గేం లేదు. చిన్నోళ్లు గట్టిగా ఊపి కుడికీ ఎడమకీ చెట్లల్లో వెతుక్కుంటుంటే నేను నడుమ తొవ్వలో ఉంటా. గ్రీన్ ముందు ఖాళీగా ఉంటే బాల్‌ను 8 ఐరన్‌తో దొర్లించి పంపుతా. రెండు నెలల కింద 40 ఏళ్లాయన మీద గెలిచిన. చాయ్ ఆయనే తాగించిండు.
మన అదితి అశోక్‌ను చూడండి. టోక్యో ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం. డ్రైవర్ దూరంల వెనక వరుసనే. పతకం అంచుదాకా తీసుకుపోయింది పటింగ్ (గ్రీన్ మీద బాల్‌ను గుంతలకు దొర్లించుడు).

హన్మకొండ_హుక్
బాపూ, మీ పోస్టు చదివాక ధైర్యం వచ్చింది. మీతో ఒకసారి ఆడాలి.

నిజామాబాద్_పసుపు
నాదొక వింత సమస్య. నా 5, 6, 7 ఐరన్లు మూడూ 140 దగ్గరే పడతాయి. మూడు క్లబ్బులు ఎందుకు మోస్తున్నట్టు?

ఓరుగల్లు_వెడ్జ్
అది వింత కాదు, మనలాంటి చాలామందికి ఉన్నదే. స్వింగ్ వేగం తక్కువైతే 5 ఐరన్ లాంటి తక్కువ లాఫ్ట్ క్లబ్ బాల్‌ను పైకి లేపలేదు. లేవని బాల్ త్వరగా నేల పట్టేస్తుంది. 7 ఐరన్ లేపుతుంది కాబట్టి దాంతో సమానమైపోతుంది. టూర్ ఆటగాళ్లకు క్లబ్బుకూ క్లబ్బుకూ పది, పన్నెండు గజాల తేడా ఉంటుంది. మనకు కింద వెడ్జ్‌ల దగ్గర ఉంటుంది, పైకి పోయేకొద్దీ ఆ తేడా ఉప్పులా కరిగిపోతుంది. 5 ఐరన్ ఇంట్లో పెట్టి హైబ్రిడ్‌గానీ 7 వుడ్‌గానీ తీసుకో. బ్యాగులో 14 దాకా పెట్టుకోవచ్చని రూల్ ఉంది గానీ పద్నాలుగూ మోయాలని లేదు.

నిజామాబాద్_పసుపు
7 వుడ్ అంటే మా వాళ్లు ముసలోళ్ల కర్ర అంటారు.

సింగరేణి_సీనియర్
విన్నా.

నిజామాబాద్_పసుపు
బాపూ, మీరు ఉన్నారని మర్చిపోయిన. తప్పైంది 🙏

లెక్కలసార్
హుక్, నీ డాబా మీద వలలో దూరం తెలియదు. అయితే బాల్ ఎక్కడ తగులుతుందో తెలుసుకోవచ్చు. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బాల్ మీద ఒక చుక్క పెట్టి, ఆ చుక్కను క్లబ్ వైపు తిప్పి కొట్టు. ముఖం మీద అచ్చు పడుతుంది. ఇరవై కొడితే ఎన్ని నడిమధ్యలో తగిలాయో లెక్కపెట్టు. డ్రైవర్‌లో స్వింగ్ వేగం గంటకు ఒక మైలు పెరిగితే రెండున్నర గజాలే లాభం. మధ్యలో తగలకపోతే పోయేది అంతకంటే చాలా ఎక్కువ.

హన్మకొండ_హుక్
చేశాను సార్. ఇరవైలో మధ్యలో తగిలినవి ఆరు. మిగతావి మడమ వైపు (ముఖం కర్రకు అతికే పక్కన) గుంపుగా, చీమలు పట్టినట్టు ఉన్నాయి. ఒక అచ్చు క్లబ్ ముఖం మీద కాకుండా మెడ మీద వచ్చింది, అదెట్లా వచ్చిందో నాకూ తెలియదు.

నర్సంపేట_నాగలి
నాకు గోల్ఫ్ రాదు. మా తమ్ముడి ఫోన్‌ల చదువుతున్న. మీరంతా గజాలంటే ప్లాట్ల ముచ్చట అనుకుని లోపలికొచ్చిన 😀 ఇప్పుడు అర్థమైంది. మా లెక్కల చెప్తా. గుంట అంటే 121 చదరపు గజాలు, పదకొండు బై పదకొండు. ఎకరం చదరంగా ఉంటే ఒక వైపు 70 గజాలకు కొంచెం తక్కువ. హుక్ సార్ 130 అంటే దాదాపు రెండెకరాల పొడవు కొడుతున్నడు. అది తక్కువా? ఒకసారి నిలబడి చూడండి ఎంత దూరమో.
వరి కోసేసినం. మడి పొడుగ్గ ఉంది. కావాలంటే వచ్చి కొట్టుకోండి. కొయ్యకాళ్లు చూసుకోవాలె.

కాజీపేట_జంక్షన్
పోదాం! కరీంనగర్ అన్నా, నువ్వు కూడా రావాలి. 175 కళ్లారా చూస్తాం.

కరీంనగర్_కట్
వస్తా. భయమా?

హన్మకొండ_హుక్
నిన్న పోయొచ్చాం, నలుగురం. వివరంగా రాస్తా.
మ్యాట్ ముక్క గట్టు పక్కన వేసుకున్నాం. నాగలి అన్న మేనల్లుడు గొడుగు పట్టుకుని మడిలో నిలబడ్డాడు. బాల్ పడ్డచోటికి పోయి గొడుగు నిలబెడితే నేను లేజర్‌తో దాన్ని చూసి రాసుకోవడం. బాల్ తగలకుండా కూడా గొడుగు కాపాడుతుందని వాడి నమ్మకం. నేలలో ఇంకా తడి ఉంది, బాల్ పడ్డచోటే దిగబడుతోంది, దొర్లుడు లేదు. శుద్ధమైన క్యారీ. కుడివైపు పొడవునా పత్తి చేను. దాని గట్టు మీద ఒక యాపచెట్టు, లేజర్‌లో 148.
నా 7 ఐరన్ పది దెబ్బలు: 131, 128, 97, 134, 126, 139, 88, 133, 122, 130. సగటు 123కు కొంచెం తక్కువ. ఆ రెండు చెత్తవి తీసేస్తే 130.

లెక్కలసార్
ఎందుకు తీసేస్తావు? అవి కొట్టింది నువ్వే కదా.

బంకర్_బాబు
తీసెయ్యాలి సార్. 88ని నమ్మి క్లబ్ తీసుకుంటే బాగా తగిలినది గ్రీన్ వెనక రోడ్డు మీద పడుతుంది.

లెక్కలసార్
సరే, మధ్యస్థం తీసుకో, 129. బాగా తగిలితే ఎంత పోతుందో నీ మనసుకు తెలుసు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, పదిలో ఐదు ఎక్కడిదాకా పోతాయో చూసుకో. జెండా 130 ఉంటే నేనైతే 6 తీస్తా.

పద్మాక్షి_పార్
కరీంనగర్ గారి అంకెలు ఏవి? పేజీ చిరిగిపోయిందా?

హన్మకొండ_హుక్
ఆయన అనుమతితో రాస్తున్నా. 149, 121, 152, 146, 138, 151, 109, 144, 150. నిజంగా మంచి దెబ్బలు, నాకంటే చాలా నయం. పదోది కుడికి వంగి పత్తి చేనులోకి పోయింది. పత్తి పగిలి తెల్లగా విచ్చుకుని ఉంది. అందులో తెల్ల బాల్! నలుగురం అరగంట వెతికాం. ప్రతి కాయా బాలే అనిపించింది.

కరీంనగర్_కట్
ఆ పదోదే అసలు దెబ్బ. చేతికే తెలుస్తుంది. యాపచెట్టు దాటి చాలా పోయింది, 175 గ్యారంటీ. మొదటివి శరీరం వేడెక్కక తగ్గాయి.

ఓరుగల్లు_వెడ్జ్
తొమ్మిది దెబ్బలు కొట్టినా వేడెక్కని శరీరమా!

బంకర్_బాబు
ఇకనుంచి ఎర్ర బాల్ వాడండి.

నర్సంపేట_నాగలి
ఎడమ పక్క మిర్చి ఉంది. ఎర్రది దాంట్ల పడితే కల్లంల వెతుక్కోవాలె.

హన్మకొండ_హుక్
ఈ ఆదివారం సంగతి. 142 గజాల పార్ త్రీ. దోస్తులు ఎప్పటిలాగే 8 తీశారు, ఒకరు 9. నేను ఏమీ మాట్లాడకుండా 5 హైబ్రిడ్ తీసి నెమ్మదిగా కొట్టా, వెడ్జ్ అన్న ఇచ్చిందే. నవ్వారు. ముగ్గురివీ ముందు బంకర్లో. నాది గ్రీన్ మీద, వెనక అంచున. "గాలి ఎదురుగా ఉంది" అన్నాడు ఒకాయన. జెండా గుడ్డ కదలట్లేదు.

సింగరేణి_సీనియర్
శభాష్. పటింగ్ ఎన్ని?

హన్మకొండ_హుక్
మూడు.

సింగరేణి_సీనియర్
రేపు పొద్దున ఫోన్ చెయ్.

నర్సంపేట_నాగలి
ఇయ్యాల పత్తి ఏరుతుంటే మా అత్తమ్మకు బాల్ దొరికింది. గుడ్డు అనుకుని భయపడ్డది. మీద నీలం చుక్క ఉంది. యాపచెట్టుకు రెండు సాళ్లు ఇవతల. ఎవరిది?

కాజీపేట_జంక్షన్
ఇవతల అంటే కొట్టినవైపా అన్నా? ఖచ్చితంగా చెప్పు, ఇక్కడ ఒకరి పరువు ఉంది.

నర్సంపేట_నాగలి
కొట్టినవైపే. 148కి లోపల్నే.

కరీంనగర్_కట్
అది నాది కాకపోవచ్చు.

నర్సంపేట_నాగలి
చుక్క పక్కన ఇంగ్లీషుల కే అని కూడా రాసుంది తమ్మీ.

కరీంనగర్_కట్
పందికొక్కు లాక్కొచ్చి ఉంటది.